నేర్చుకోనన్న ఊరు

మా ఊళ్లో నన్ను సూదత్త అంటారు. బట్టలు కుడతాను కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్లు అనుకుంటారు. కాదు. నా నోటికి పెట్టారు. పెట్టిన పేరుకు తగ్గట్టే నడుచుకుంటున్నాను, అందులో నాకు సిగ్గేమీ లేదు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నా గురించి కాదు, నా మేనకోడలి గురించి. ఊళ్లో ఎవరినడిగినా ఆ పిల్ల సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ఊరిని ఎండబెట్టి పోయింది అని. ఆ ముక్క చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. జరిగిందేమిటో ఒకరైనా సరిగ్గా చెప్పాలి కదా.

మా అన్న ఈ ఊరికి ఇరవై ఆరేళ్లు నీళ్లు వదిలాడు. ఎగువన గుట్ట మీద ట్యాంకు ఉంది. అక్కణ్ణుంచి దిగే పైపు వీధివీధికీ చీలుతుంది. చీలిన ప్రతిచోటా నేలలో ఒక గుంట, గుంటలో ఒక వాల్వు, పైన రాతి మూత. మొత్తం పదిహేడు. అన్నీ ఒకేసారి తెరిస్తే పల్లంలో ఇళ్లకి ధారకట్టి వస్తాయి, మెరకలో ఇళ్ల కుళాయిలు బుస్సుమని ఊరుకుంటాయి. అందుకని ఒక వీధికి తెరిచి, ఇంకో వీధికి కట్టి, తెల్లారి అయిదు నుంచి తొమ్మిది దాకా ఊరంతా తిరగాలి. నడుమెత్తు ఇనుప కడ్డీ ఒకటుంటుంది, కింద వాల్వు తలకి తొడుక్కునే గూడు, పైన రెండు చేతులా పట్టుకునే అడ్డకడ్డీ. దాన్ని తాళం అంటారు. మా అన్న దాన్ని భుజాన వేసుకుని పోతుంటే వెనకాల చిన్న పిల్లగా నా మేనకోడలు పరిగెత్తేది. మా వదిన ఆ పిల్లకి నాలుగేళ్లప్పుడే పోయింది. నాకు పెళ్లీ లేదు, పెటాకులూ లేవు. పొద్దున వాళ్ల నాన్న వెనకా, సాయంత్రం నా మిషను కిందా పెరిగింది.

రెండేళ్ల క్రితం మా అన్న గుండె ఆగి పోయాడు. ఆయన్ని సాగనంపిన మర్నాడు తెల్లారి అయిదింటికి ఊరి కుళాయిల్లో నీళ్లు వచ్చాయి. ఎలా వచ్చాయని ఒక్కరూ అడగలేదు. ఇరవయ్యేళ్ల పిల్ల ఏడ్చి వాచిన కళ్లతో తాళం భుజాన వేసుకుని వెళ్లి తిప్పితే వచ్చాయి. ఒక వారం పాటు బంగారం లాంటి పిల్ల అన్నారు. ఎనిమిదో రోజు నుంచి తిట్లు మొదలు.

చివరి వీధిలో చివరి ఇంట్లో ఒకావిడ ఉంది. ఊరంతా ఆవిణ్ణి మైకు అంటారు. ఆవిడ గుసగుసలాడితే గుట్ట మీద ట్యాంకు దాకా వినపడుతుంది. రోజూ తెల్లారి గుమ్మంలో బకెట్లు వరసగా పెట్టుకుని కూర్చుని, "ఏమే, మాకు నీళ్లొద్దా? మేం మనుషులం కామా? మీ నాన్న ఉన్నప్పుడిలా ఉందా?" అని అరిచేది. మా అన్న ఉన్నప్పుడు ఆయన్నీ అలాగే అరిచింది. పోయినవాళ్లకి మర్యాద ఎక్కువ మా ఊళ్లో, బతికున్నవాళ్లకి ఉండదు.

ప్రెసిడెంటు గారిది ఇంకో కథ. ఆయన కుళాయికి దొంగచాటుగా మోటారు బిగించుకున్నాడు. ఆయన మోటారు వేస్తే ఆ వీధిలో మిగతా ఇళ్లకి చుక్క రాదు. నా మేనకోడలు వెళ్లి మర్యాదగా చెప్పింది. వినలేదు. మర్నాడు ఆ వీధి వాల్వు కట్టేసి గట్టు మీద కూర్చుంది. మోటారు విప్పేదాకా తెరవనంది. అరగంటలో విప్పాడు. వీధిలో పది ఇళ్లకి నీళ్లొచ్చాయి. ఆ పది ఇళ్లలో ఒక్కరైనా మెచ్చుకోవాలా? "ఆడపిల్లకి అంత పొగరేమిటి" అన్నారు, బకెట్లు నింపుకుంటూనే.

ఈ పిల్ల ఈడు పిల్లలు ఆరుగురుండేవారు ఊళ్లో. ఒకతె నర్సయింది, ఒకతె బట్టల మిల్లుకి పోయింది, మిగతావాళ్లు తలా ఒక దిక్కు. వెళ్లినవాళ్లని రెక్కలొచ్చి ఎగిరిపోయారని తిట్టారు. ఉన్న ఒక్కదాన్నీ ఎవరూ రమ్మనలేదు కాబోలు అందుకే పడుందని తిట్టారు. మరి ఏం చేస్తే వీళ్ల నోళ్లు మూతపడతాయో నాకు ఈ వయసుకీ అర్థం కాలేదు.

అలాంటి రోజుల్లో దానికి పట్నం నుంచి ఉత్తరం వచ్చింది. నీళ్లు శుభ్రం చేసి పంపే పెద్ద కేంద్రంలో పని. పరీక్ష రాసిన సంగతి నాకు కూడా చెప్పలేదు, దొంగముండ. ట్యాంకు పక్కన నీళ్లు ఎక్కించే మోటారు గదిలో కూర్చుని చదివిందట. రెండేళ్లు నేర్పి తర్వాత ఉద్యోగంలో వేసుకుంటారు. ఫలానా సోమవారం మధ్యాహ్నం రెండు గంటల్లోపు వచ్చి సంతకం పెట్టాలి. రాకపోతే జాబితాలో తర్వాతి పేరును పిలుస్తారు. ఆ సోమవారానికి ఇంకా పదిహేను రోజులుంది.

"నీకు వెళ్లాలనుందా లేదా, ముందది చెప్పు" అన్నాను, నోట్లో దారం ముక్క పెట్టుకుని.

"ఉందత్తా. ఒక్కో పొద్దున ఉండిపోవాలనీ ఉంటుంది. చివరి ఇంటికి నీళ్లు చేరినప్పుడు కుళాయిలో గాలి కక్కి ధార నిలబడుతుంది చూడు, అది వినాలనుంటుంది. కానీ ఆ పదిహేడు వాల్వులూ నాకు వచ్చేశాయి. నలభై ఏళ్లు ఇవే తిప్పుతూ ఇవే తిట్లు తింటూ ఉండలేను. అక్కడ నీళ్లని పరీక్ష చేయడం నేర్పుతారట. నాకది కావాలి."

"అయితే పెట్టె సర్దుకో. ఆలోచించడానికేముంది?"

"వీళ్లకి నీళ్లెవరు వదులుతారు?"

"వీళ్ల ఖర్మ!"

"చంటిపిల్లలున్న ఇళ్లున్నాయి. మంచం మీద ఉన్న ముసలివాళ్లున్నారు. పొద్దున కుళాయి తిప్పితే రాకపోవడమా? నా వల్ల కాదత్తా. ఎవరికైనా నేర్పి వెళ్తాను."

చూశారా, అదీ దాని తెలివి. తండ్రి పోలిక. తిట్టేవాళ్ల గొంతు ఎండకూడదని తాపత్రయం. నేనైతే ఆ తాళాన్ని ప్రెసిడెంటు గుమ్మంలో పడేసి తొలి బస్సెక్కేదాన్ని.

ఊరి ఆఫీసుకి వెళ్లి చెప్పింది. నేనూ పక్కనే ఉన్నాను. ప్రెసిడెంటు ఉత్తరం ఇటూ అటూ తిప్పి చూసి, ఎంతో తియ్యగా నవ్వాడు. "నిన్నాపడానికి మేమెవరమమ్మా? మన ఊరి పిల్ల పైకొస్తే మాకు గర్వం కాదూ! కాకపోతే ఎవరో ఒకరికి నేర్పి వెళ్లు. అంతే." అది న్యాయమేగా అని మా పిచ్చిది తలూపింది. ఆయన తియ్యగా నవ్వినప్పుడే నాకు అనుమానమొచ్చింది. ఆ మనిషి నవ్వడం నేను అంతకుముందు రెండేసార్లు చూశాను, రెండుసార్లూ ఎవరికో ఒకరికి మూడింది.

అట్ట ముక్క మీద రాసింది. "నీళ్లు వదిలే పని నేర్పుతాను. రోజూ సాయంత్రం అయిదింటికి ట్యాంకు దగ్గర. ఎవరైనా రావచ్చు." ఊరి మధ్యలో ఉన్న కొట్టు ముందు వేలాడదీసింది. మర్నాడు దారపు ఉండ కొందామని వెళ్తే ఆ అట్ట కోడిగుడ్ల కింద పరిచి ఉంది. పైగా లోపల ప్రెసిడెంటు గొంతు. "ఎవడూ అటు పోకండిరా. ఎవరూ నేర్చుకోకపోతే ఎక్కడికి పోతుంది? పది రోజులు చూసి నీరసపడి ఇక్కడే పడుంటుంది." కొట్టాయన ఇకిలిస్తున్నాడు. నేను లోపలికి వెళ్లి ఇద్దరికీ వినబడేలా ఏమన్నానో ఇక్కడ రాస్తే అచ్చువేయరు.

తొలిరోజు ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. నేర్చుకోవడానికి కాదు. వాళ్లలో ఒకడు ట్యాంకు కాలికి ఆనుకుని, "నేర్చుకుంటాలే, మరి నన్ను చేసుకుంటావా?" అన్నాడు. నా చేతిలో బట్టల కత్తెర ఉంది. అడుగు ముందుకేశాను. ముగ్గురూ గుట్ట దిగిన వేగం చూస్తే ఎవరైనా బహుమతి ఇస్తారు. రెండోరోజు ఒకాయన వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఎవరైనా వచ్చారేమో చూసి రమ్మని ఇంట్లోవాళ్లు పంపారట. మూడోరోజు నుంచి పిట్ట కూడా వాలలేదు.

ఇళ్లకి వెళ్లి అడిగింది. నేను వద్దన్నా వినకుండా గడపగడపా తొక్కింది. మైకు ఇంట్లో ముప్పయ్యేళ్ల కొడుకున్నాడు, పనీపాటా లేదు. "మావాడికి తీరికెక్కడిది తల్లీ!" అంది ఆవిడ. వాడు కూర్చుని కూర్చుని ఆ అరుగు నున్నబడిపోయింది. తీరిక లేదట! ఇంకో ఇంట్లో తలుపే తీయలేదు, లోపల రేడియో మోగుతూనే ఉంది. ఒకావిడ మాత్రం చెయ్యి పట్టుకుని, "నీకిక్కడ ఏం తక్కువైందమ్మా? నువ్వు పోతే మాకెవరు దిక్కు?" అని కన్నీళ్లు పెట్టుకుంది. ఆవిడే ముందు నెలలో నీళ్లు మట్టిగా వచ్చాయని ఈ పిల్ల మీద బకెట్టు విసిరింది. నేనది మర్చిపోలేదు. అదే మాట ఆవిడ మొహం మీద అన్నాను కూడా.

ఒక ఊరు ఊరంతా కూడబలుక్కుని ఒక పని నేర్చుకోకుండా ఉండటం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. తిట్టడం, కొట్టడం, అడ్డం పడటం ఏమీ లేదు. ఎవరి ఇంట్లో వాళ్లు కాళ్లు బారజాపుకుని కూర్చుంటే చాలు, ఆ పిల్లకి సంకెళ్లు పడిపోతాయి. దాని మంచితనమే వాళ్లకి తాడు. అది వాళ్లందరికీ బాగా తెలుసు.

ఎనిమిది సాయంత్రాలు అలా నిలబడి వచ్చింది. తొమ్మిదో సాయంత్రం తాళం మూల పెట్టి నా మిషను పక్కన నేల మీద కూర్చుంది.

"అత్తా, నువ్వు నేర్చుకో."

నా చేతిలో చొక్కా కాలరుంది. దాని మీంచి చూపు ఎత్తలేదు. "నా మోకాళ్లు చూశావా? నాకు యాభై మూడేళ్లు."

"బరువు పని కాదత్తా, ఒడుపు పని. నా చిన్నప్పుడు నాన్న పక్కన నువ్వూ నడిచావు కదా."

"కుట్టాల్సిన బట్టలు ఇంతెత్తున ఉన్నాయి. అయినా ఆ వెధవలకి నేను నీళ్లు వదలాలా? చచ్చినా వదలను."

 అది నెమ్మదిగా, కోపమేమీ లేకుండా అంది. "నువ్వూ వాళ్లలాగే అత్తా. నేర్చుకోకపోతే నేనుండిపోతానని."

కాలరు మీద సూది దిగబడి విరిగింది.   విరిగిన ముక్క ఏరుతూ తిడదామనుకున్నాను, కానీ అది అన్నది నిజం. ప్రెసిడెంటును తిట్టాను, మైకును తిట్టాను, కొట్టాయన్ను తిట్టాను. ఎనిమిది రోజులుగా వాళ్లకంటే దగ్గరగా కూర్చుని, ఆ తాళం వంక చూడకుండా ఉన్నది నేను. అది వెళ్లిపోతే ఈ ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకేముంటుంది? ఆ మాట నాలో నేను కూడా అనుకోలేదు, అంతే తేడా.

మర్నాడు తెల్లారి అది లేచేసరికి తాళం నా భుజాన ఉంది. "చూస్తావేం? నడువు" అన్నాను.

అయిదు రోజులు నేర్పింది. మూత పక్కకి జరపడం, తాళం గూటిని వాల్వు తలకి తొడగడం, ఇరవై ఒక్క చుట్లు తిప్పి ఆపి, అరచుట్టు వెనక్కి రావడం. పూర్తిగా బిగిస్తే మర్నాటికి పట్టేస్తుంది. నీళ్లు పోతున్నాయో లేదో చూడాలంటే తాళం కడ్డీకి చెవి ఆనించి వినాలి. పోతుంటే లోపల సన్నగా సుడి తిరిగినట్టు చప్పుడు. నాకు మొదటిరోజు ఏమీ వినపడలేదు. మూడోరోజు వినపడింది. నడివీధిలో కడ్డీకి చెవి పెట్టి చిన్నపిల్లలా నవ్వాను. ఎదురింటి అరుగు మీద వాళ్లు నాకు పిచ్చెక్కిందనుకున్నారు. అనుకోనీ.

మా అన్న పెట్టిన గుర్తు ఒకటుంది. పదిహేడింట్లో మూడు వాల్వులు వేరే రకం, తిరకాసువి. మిగతావన్నీ కుడికి తిప్పితే కడతాయి, అవి ఎడమకి తిప్పితే కడతాయి. అందుకని ప్రతి మూత మీదా కట్టే వైపు బాణం చెక్కాడు. "బాణం చూసి తిప్పు, బాణం తప్పదు" అని దానికి నేర్పాడు. అది అదే మాట నాకు నేర్పింది. ట్యాంకు కింద పక్కపక్కనే రెండు గుంటలున్నాయి. ఒకటి ఊరంతటికీ మెయిన్, రెండోది ట్యాంకు కడిగినప్పుడు మురికి నీళ్లు బయటికి వదిలేది. "మెయిన్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పాతది, ఊరికే కదపకూడదు. ఎక్కడైనా పైపు పగిలితేనే కట్టాలి. అప్పుడు బాణం చూసుకో" అని చేత్తో చూపించి ముందుకి నడిచింది. మూత వంక చూడలేదు. దానికి చూడాల్సిన అవసరమేముంది? అక్షరాలొచ్చినవాళ్లు అక్షరాలు కూడబలుక్కుంటారా?

నేను నేర్చుకుంటున్నానని తెలిసి ఊళ్లో మొహాలు మాడిపోయాయి. ప్రెసిడెంటు దారిలో ఆపి, "ఈ వయసులో నీకెందుకమ్మా శ్రమ" అన్నాడు. "మీ మోటారు మళ్లీ బిగిస్తే తెలుస్తుంది ఎందుకో" అన్నాను. ఆయన పళ్లు నూరిన చప్పుడు స్పష్టంగా వినపడింది, కడ్డీ అక్కర్లేకుండానే.

సోమవారం తొమ్మిదింటి బస్సుకి వెళ్లింది. ఆ పొద్దున నీళ్లు నేనే వదిలాను, అది వెనకాల ఉత్త చేతులతో నడిచింది. బస్సు దగ్గరికి ఊళ్లోంచి ఒక్కరూ రాలేదు. మైకు మాత్రం అరుగు మీంచి, "పో పో, తెలుస్తుంది" అంది. ఏం తెలుస్తుందో చెప్పలేదు. కిటికీలోంచి అది నా చెయ్యి పట్టుకుంటే వదిలించుకున్నాను. ఏడుపు మొహం చూపించడం నాకిష్టం లేదు.

పదిన్నరకి కేక వినిపించింది. కొట్టు ముందు ఇటుకల ట్రాక్టరు రోడ్డు అంచున దిగబడి గుట్ట నుంచి దిగే పెద్ద పైపు జాయింటు విరగ్గొట్టింది. నీళ్లు మనిషెత్తున లేస్తున్నాయి. తాళం తీసుకుని గుట్టెక్కాను. మోకాళ్లు ఏడుస్తున్నా ఆగలేదు. మెయిన్ మూత మీద బాణం చూశాను. కుడికుంది. మూత జరిపి, తాళం దించి, కుడికి తిప్పాను. కదల్లేదు. పాతది కదా, పట్టేసిందనుకున్నాను. ఒంట్లో ఉన్న బలమంతా వేశాను. లోపల ఠప్పుమంది. తాళం గిర్రున తేలిగ్గా తిరిగింది.  వాల్వు లోపలి ఇనుప కాడ విరిగిపోయింది.

పోయిన వేసవిలో గుట్ట మీదికి సిమెంటు రోడ్డు వేశారు. పనివాళ్లు మూతలు లేపి పక్కన పెట్టి, తర్వాత చేతికందినట్టు పెట్టేశారు. మెయిన్ మూత పక్క గుంట మీదికి పోయింది, పక్కది మెయిన్ మీదికి వచ్చింది. ఈ ఏడాదిలో పైపు పగిలినప్పుడల్లా నా మేనకోడలు ఆ మెయిన్ కట్టి తెరిచింది, చేతి గురుతుతో, ఎడమకి. మూతలు మారాయని దానికి తెలియనే తెలియదు. నేనేమో తెరిచే ఉన్నదాన్ని ఇంకా తెరవబోయి విరగ్గొట్టాను. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా ఒక్కటే, ఇక ట్యాంకులో ఉన్న నీళ్లు ఆపడానికి దారి లేదని. గుంటలో కాడ విరిగిన చోటు నుంచి కూడా నీళ్లు చిమ్మి, నా కాళ్ల మధ్య నుంచి గుట్ట కిందికి పారుతున్నాయి.

అయిదు నిమిషాల్లో ఊరంతా అక్కడుంది. ఎనిమిది సాయంత్రాలు నేర్చుకోవడానికి ఒక్కరూ ఎక్కని గుట్ట ఆ పొద్దున ఇసకేస్తే రాలనంత నిండింది. "ముసల్దానివి నీకెందుకొచ్చిన పని!" అని ఒకడు. "ఊరిని ముంచేసింది!" అని మైకు. ప్రెసిడెంటు మొహంలో మాత్రం వెలుగు. జేబులోంచి ఫోను తీశాడు. "పిల్లని వెనక్కి పిలుద్దాం. ఇంకా సగం దారిలోనే ఉంటుంది. ఆ పిల్ల మాట కాదనదు." నిజమే, కాదనదు. ఒక్క మాట చాలు, బస్సు దిగి పరిగెత్తుకొస్తుంది. వస్తే రెండు గంటలకి అక్కడుండదు, తర్వాతి పేరును పిలుస్తారు. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ పిల్ల ఊరు దాటదు.

"అమ్మా, నేను ప్రెసిడెంటుని. ఇక్కడ చాలా గందరగోళంగా..." అనేలోపు ఫోను లాక్కుని, "నేనే" అన్నాను.

"అత్తా? ఏమైంది? ఆ చప్పుడేంటి?"

"ఏమీ కాలేదు. కొట్టు దగ్గర జాయింటు కారింది. మెయిన్ కట్టేశాను."

"మెయినా? ఎటు తిప్పావు?" నేను నోరు తెరిచేలోపు అదే అందుకుంది. "అత్తా... రోడ్డు వేసినప్పుడు మూతలు లేపారు. మార్చేశారేమో. నేనెప్పుడూ చూసుకోలేదు. అది ఎడమకి కడుతుంది. బాణాన్ని నమ్మకు, ఎడమకి తిప్పు."

"ఎడమకే తిప్పాను. కట్టింది."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు."

"నీళ్ల హోరు వినిపిస్తోందత్తా."

"కారిందంతా కాలవలోకి పోతుంటే వినిపించదా? కూర్చున్న చోట కూర్చో. దిగావంటే నా మొహం చూడకు."

"అబద్ధమమ్మా! అంతా..." అని ప్రెసిడెంటు మీద పడబోయాడు. ఫోను గుంటలో పడింది. పడింది అంటే నేనే పడేశాను. బుడగలు వచ్చాయి.

ఆ తర్వాత ఆ గుట్ట మీద నన్ను అన్న మాటలు నా జన్మలో మర్చిపోను. కొట్టడం ఒక్కటే తక్కువ. ఒకావిడ నా తాళం లాక్కుని దూరంగా విసిరింది. వెళ్లి తెచ్చుకున్నాను. మిగతావాళ్లు తమ తమ ఫోన్లు తీసి మేనకోడలికి కలుపుతూనే ఉన్నారు. మోగుతోంది, ఎత్తడం లేదన్నారు. నా మనసు కుదుటపడింది. నా మాట నమ్మింది, హాయిగా కిటికీ పక్కన కూర్చుని ఉంటుందనుకున్నాను. మధ్యాహ్నానికి ట్యాంకు ఖాళీ అయింది. పక్క ఊరి మేస్త్రీ వచ్చి చూసి, కొత్త వాల్వు రావడానికి రెండు రోజులన్నాడు. రెండు రోజులూ ఊరంతా పొలాల మోటార్ల దగ్గర వరసలు కట్టింది. మంచం మీద ఉన్న ముసలివాళ్లున్న ఇళ్లకి నేనే మోసి పోశాను. ఒకాయన ఆ నీళ్లు తాగుతూనే నన్ను తిట్టాడు.

ఆ సాయంత్రం ఆరింటికి కొట్టు పక్క ఇంటావిడ ఫోను తెచ్చి, మాట్లాడకుండా నా మిషను మీద పెట్టి వెళ్లింది.

"అత్తా, చేరాను. రెండుకి పది నిమిషాలుందనగా సంతకం పెట్టాను."

"మంచిది. ఏమైనా తిన్నావా?"

"మెయిన్ విరిగింది కదూ?"

నేను మిషను చక్రం ఊరికే తిప్పాను.

"విరిగిన వాల్వు హోరు నాకు తెలియదా అత్తా? నువ్వు ఒట్టేసినప్పుడు ఇంకా బాగా తెలిసింది. నిజం చెప్పేటప్పుడు నువ్వెప్పుడైనా ఒట్టేశావా?" అది నవ్వబోయింది, నవ్వు రాలేదు. "తర్వాతి స్టాపులో దిగిపోయాను. పెట్టె కింద పెట్టుకుని అవతలి వైపు నిలబడ్డాను. మన ఊరి బస్సు వచ్చింది. కండక్టరు ఎక్కమన్నాడు. ఫోను మోగుతూనే ఉంది. ఎక్కలేదు. అది వెళ్లిపోయాక ఇవతలికి వచ్చి ఇటు బస్సెక్కాను. అందరూ నీ మీద పడతారని తెలుసు. తెలిసే వచ్చేశానత్తా."

అది తెలియక వెళ్లాలని నేను అంత అబద్ధమాడాను. తెలిసే వెళ్లింది. నాకు ముందు వచ్చింది కోపం. నన్ను ఆ మందలో వదిలేసి, చెవుల్లో ఆ హోరు వింటూ ఎలా ఎక్కింది ఆ బస్సు?  వెళ్లమన్నది నేనే. వెళ్లినందుకు కడుపు రగిలిపోతోందీ నాకే. ఒక్క రోజు కూడా ఊరిని ఎండనివ్వని పిల్ల, మొదటిసారి తన కోసం ఒకటి ఎంచుకుంది. దాని కింద నలిగింది ఊరు కాదు, నేను. అలా కాకుండా ఎలాగూ వెళ్లలేకపోయేదని నాకు తెలుసు. తెలిసినా ఏడుపు ఆగలేదు.

"తిట్టత్తా. తిట్టు, వింటాను" అంది.

"తిట్టడానికి ఊరంతా ఉంది, నిన్నెందుకు తిట్టడం? ఎల్లుండి కొత్త వాల్వు వస్తుంది. అది ఎటు తిప్పితే కడుతుందో అడిగి తెలుసుకుంటానులే. పొద్దున్నే ఫోను చెయ్యకు, నాకు పనుంటుంది" అని పెట్టేశాను.